ముందు నీళ్లు కుదరాలి

అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో పిల్లలు పెంపుడు జంతువు కావాలని అడగటం, కుక్కకి వీల్లేదు, పిల్లికి అసలే వీల్లేదు అని అమ్మానాన్నా తేల్చేయటం మామూలే. ఆ తర్వాత వచ్చే మూడో దరఖాస్తు ఏమిటో తెలుసా? ఆక్సొలాటల్. గులాబీ ఛాయ ఒళ్లు, తలకి రెండు పక్కలా కుచ్చులు కుచ్చులుగా మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మూతి. మైన్‌క్రాఫ్ట్ ఆటలోకి 2021లో దీన్ని తెచ్చిపెట్టారు. అప్పటినుంచి చాలామంది పిల్లలకి ఇదే పలవరింత. "అది మొరగదు అమ్మమ్మా. సోఫా చింపదు. వాకింగుకి తీసుకెళ్లక్కర్లేదు. వెంట్రుకలు రాలవు" అని డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా మనవరాలు వరసపెట్టి చెప్పింది. అన్నీ నిజాలే. మా అల్లుడి దగ్గర జవాబు లేకపోయింది.

మా ఇంట్లో నేను తప్ప ఎవరూ కెమిస్ట్రీ చదవలేదు. తెనాలిలో డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి, ఈ వ్యవహారం నాకు అప్పజెప్పారు. కెమిస్ట్రీకీ ఆక్సొలాటల్‌కీ ఏమిటి సంబంధం అంటారా? ఉన్న సంబంధమల్లా అదే. కాసేపాగండి, చెబుతాను.

ముందు ఆ నీలం రంగు సంగతి తేల్చేద్దాం. ఆటలో అయిదు రంగులుంటాయి, అందులో నీలం చాలా అరుదుగా దొరుకుతుంది. పిల్లకి కావలసింది ఆ నీలమే. నిజమైన నీళ్లలో అలాంటిది లేదు. ముదురు గోధుమ, తెలుపు కలిసిన గులాబీ, బంగారు పసుపు, నలుపు, ఎక్కువగా ఇవే. "నీలం కావాలంటే ఆటలోనే చూసుకో తల్లీ" అన్నాను. ఓ పూట మూతి ముడుచుకుని, చివరికి గులాబీకి ఒప్పుకుంది.

మొదటిసారి చూసినవాళ్లు దీన్ని బల్లి అనుకుంటారు. మా వియ్యపురాలు వీడియో కాల్‌లో చూసి, "మీద పడితే ఏం ఫలితమో పంచాంగం చూసుకోండి వదినగారూ" అంది. ఆ భయం అక్కర్లేదు. బల్లికి పొలుసులుంటాయి, దీనికుండవు. ఒళ్లంతా మెత్తని తడి చర్మం. ఇది కప్పకి చుట్టం, సాలమాండర్లనే తోక ఉభయచరాల్లో ఒకటి. న్యూట్‌లన్నీ సాలమాండర్లే. సాలమాండర్లలో నీళ్లకి బాగా అలవాటుపడిన ఒక శాఖని న్యూట్‌లంటారు. ఆక్సొలాటల్ ఆ శాఖది కాదు, ఇంకో శాఖ సాలమాండర్. మన ఆంధ్రలోనూ తెలంగాణలోనూ కప్పలకేం కొదవ లేదు. తూర్పు కనుమల్లో కాళ్లు లేని సిసిలియన్లు కూడా ఉన్నాయి. సాలమాండర్ మాత్రం లేదు. అది చూడాలంటే డార్జిలింగ్ దాకా వెళ్లాలి. అక్కడి కొండల మీద చెరువుల్లో హిమాలయన్ న్యూట్ ఉంది. చూడ్డానికే సుమా. పట్టుకురావటం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఇంతకీ ఈ ఆక్సొలాటల్ స్వస్థలం మెక్సికో నగరంలోని షోచిమిల్కో. ఒకప్పుడు అక్కడంతా సరస్సులే. ఇప్పుడు మిగిలినవి కాలవలు, వాటి మధ్య చినాంపాలనే మట్టి మడులు. ఫ్రెంచి సైన్యం మెక్సికోలో ఉన్న కాలంలో, 1864లో, 34 జంతువుల్ని ఓడలో పారిస్ పంపారు. వాటిలో ఆరు, అంటే అయిదు మగవి, ఒక ఆడది, జార్డాన్ దె ప్లాంత్‌లో పనిచేసే ఓగుస్త్ దుమెరిల్ అనే శాస్త్రవేత్త చేతికి వచ్చాయి. 1865లో ఆ ఆడది గుడ్లు పెట్టింది. పిల్లలు పెరిగాయి. అంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు చూస్తే, వాటిలో కొన్నిటికి మొప్పలు ఊడిపోయి, తోక మీది రెక్క కరిగిపోయి, నేల మీద నడిచే సాలమాండర్లయి కూచున్నాయి! తల్లిదండ్రులు మొప్పలతోనే ఉన్నాయి, పిల్లలేమో వేరే జంతువులు. దుమెరిల్ బుర్ర తిరిగిపోయి ఉంటుంది పాపం.

సంగతేమంటే, తోకకప్ప కప్పయినట్టు మామూలు సాలమాండర్లు కూడా పెద్దయ్యాక మొప్పలు వదిలేస్తాయి. ఆక్సొలాటల్ వదలదు. చిన్నతనపు రూపంతోనే పెద్దదవుతుంది, ఆ రూపంలోనే గుడ్లు పెడుతుంది. థైరాయిడ్ హార్మోను చాలినంత పనిచేయకపోవటం దీనికి కారణం. 1920లో ఇంగ్లండులో జూలియన్ హక్స్‌లీ వీటికి థైరాయిడ్ గ్రంథి మేపి నేల సాలమాండర్లుగా మార్చి చూపిస్తే పత్రికలు గగ్గోలెత్తాయి. ఇది చదివిన కుర్రవాళ్లకి, తొట్టిలో రెండు చుక్కలు అయొడిన్ వేసి చూద్దామన్న బుద్ధి పుడుతుంది. వద్దు. అలా బలవంతంగా మారినవాటిలో చాలా వాటికి ఆయుష్షు తగ్గిపోతుంది. దుమెరిల్ దగ్గరి ఆ ఆరింటి సంతతే ప్రపంచంలోని ప్రయోగశాలల్లోకీ, తర్వాత ఇళ్లలోకీ పాకింది. ఫ్రిస్కోలో కొనే పిల్లకీ పారిస్‌తో పాత చుట్టరికం ఉండే అవకాశం ఎక్కువ.

మొదటిసారి పెంచేవాళ్లు ఆక్సొలాటలే తీసుకోవాలని రూలేం లేదు. పొట్ట ఎర్రగా మెరిసే చైనా న్యూట్ ఉంది, జపాన్ న్యూట్ ఉంది. అవి చిన్నవి. చైనాది మన చూపుడువేలంత ఉంటుంది. కాస్త నేల, కాస్త నీరు కావాలి. కానీ దొంగలు. తడి గాజు మీద పాకుతూ పైకొచ్చి, మూతలో చిటికెన వేలు పట్టే సందు కనిపిస్తే చాలు, మర్నాటికి మంచం కింద ఎండిపోయి దొరుకుతాయి. మూత బిగుతుగా పెట్టలేని ఇంట్లో న్యూట్ వద్దు. టైగర్ సాలమాండర్ ఇంకో రకం. నల్లటి ఒంటి మీద పసుపు మచ్చలు. దానికి నీళ్లకంటే తడి మట్టి ముఖ్యం. పగలంతా మట్టిలో దూరి ఉంటుంది, తిండి వేళకి తల బయటపెడుతుంది. కొన్ని ఇరవై ఏళ్లు దాటి కూడా బతుకుతాయి. నాకైతే దాని మొహం నచ్చింది, పిల్లలకి మాత్రం కనిపించని జంతువు నచ్చదు.

రకం ఏదైనా, కొనేముందు చట్టం చూసుకోవాలి. డాలస్‌లో అడ్డు లేదు. కాలిఫోర్నియాలో ఉన్న మా అక్క మనవడికి మాత్రం ఆ యోగం లేదు, అక్కడ ఆక్సొలాటల్ ఉంచుకోవటం నిషేధం. ఎందుకో విన్నాక నాకు న్యాయమే అనిపించింది. 1950ల ప్రాంతంలో కాలిఫోర్నియాలో చేపల గాలాలకి ఎరగా వేయటానికి టెక్సాస్ వైపునుంచి టైగర్ సాలమాండర్ పిల్లల్ని తెచ్చి అమ్మారు. మిగిలినవి చెరువుల్లోకి చేరాయి. అక్కడి స్థానిక టైగర్ సాలమాండర్‌తో కలిసి సంకర సంతానం పెట్టాయి. ఇప్పుడు కొన్ని లోయల్లో అసలు జాతి ఏది, సంకరం ఏది అని విడదీయటమే పెద్ద పని. ఆక్సొలాటల్ కూడా అదే కుటుంబానిది. అందుకని ఆ గుంపు మొత్తానికీ తలుపు మూశారు.

ఇంకొకటుంది. నెదర్లాండ్స్‌లో బుండర్‌బోస్ అనే చిన్న అడవిలో 2010 ప్రాంతంలో నలుపూ పసుపూ ఫైర్ సాలమాండర్లు ఉన్నట్టుండి చచ్చిపోసాగాయి. చర్మాన్ని తినేసే ఒక బూజు కారణమని 2013లో కనిపెట్టారు. దాని మూలం ఆసియా అని, పెంపుడు జంతువుల వ్యాపారంతో పాటు యూరప్ చేరి ఉంటుందని తర్వాత తేలింది. అది అమెరికాకి రాకూడదని 2016 జనవరిలో ఇక్కడి ప్రభుత్వం 201 జాతుల సాలమాండర్ల దిగుమతిని ఆపేసింది. ఎర్రపొట్ట న్యూట్‌లు అందులో ఉన్నాయి. కాబట్టి ఇక్కడ కొనేవాళ్లు ఇక్కడే ఇంట్లో పుట్టినవాటిని, పెంచినవాళ్ల దగ్గరే అడిగి కొనాలి. పిల్ల ఎక్కడ పుట్టింది, ఏం తింటోంది అని అడిగితే తడుముకునే దుకాణంలో నేనైతే కొనను.

ఇక కెమిస్ట్రీకి వద్దాం. నిజానికి ఇందులో చెప్పవలసింది ఇదే, మిగతాదంతా ముచ్చట.

పిల్లలు అనుకునేదేమంటే శనివారం దుకాణానికి వెళ్లి తొట్టి, పిల్ల, రెండూ తెచ్చేసుకోవచ్చని. కుదరదు. తొట్టి ముందు రావాలి, నీళ్లు పోయాలి, ఫిల్టర్ పెట్టాలి, అందులో ఏ ప్రాణీ లేకుండా నెల, నెలన్నర నడపాలి. ఖాళీ తొట్టి! దాని ముందు కూచుని రోజూ నీళ్లు పరీక్ష చేయాలి. ఎనిమిదేళ్ల పిల్లకి ఇది ఎంత శిక్షో మీరే ఊహించుకోండి. ఈ నెల గడపలేనివాళ్లు ఈ జంతువుతో కూడా గడపలేరని నా అభిప్రాయం. కాస్త కటువుగానే చెబుతున్నాను.

ఎందుకీ ఎదురుచూపు? ఏ నీటి జంతువైనా వదిలే మలినంలోంచి అమ్మోనియా పుడుతుంది. నదిలోనో చెరువులోనో అయితే అది పలచబడుతుంది. గాజు తొట్టిలో ఎక్కడికి పోతుంది? దాని మొప్పల్నే కాలుస్తుంది. అయితే అమ్మోనియాని తినే బాక్టీరియా ఒక రకం ఉంది, దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. దాన్ని తినే బాక్టీరియా మరో రకం, నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంతవరకూ పరవాలేదు, వారం వారం నీళ్లు కొంత మార్చి తీసేయొచ్చు. ఈ రెండు రకాల బాక్టీరియా ఫిల్టర్‌లోని స్పాంజి మీద కాపురం పెట్టి స్థిరపడాలి. ఆ కాపురం కుదరటానికే నెల పైన. వాటికి తిండి కావాలి కాబట్టి ఖాళీ తొట్టిలో మనమే కొలిచి కాస్త అమ్మోనియం క్లోరైడ్ వేస్తాం. ఇప్పటికే నడుస్తున్న, రోగాల్లేని తొట్టి ఎవరింట్లోనైనా ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజి ముక్క అడిగి తెచ్చి మన ఫిల్టర్‌లో పెడితే పని తొందరగా అవుతుంది. పాలు తోడుకోవటానికి పక్కింటి పెరుగు చెంచాడు తెచ్చుకున్నట్టు.

పరీక్ష కిట్‌లో గాజు గొట్టాలు, చుక్కల మందులు ఉంటాయి. అవి చూడగానే నాకు ల్యాబు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. అమ్మోనియా గొట్టం పసుపుగా ఉంటే లేనట్టు, ఆకుపచ్చకి తిరిగితే ఉన్నట్టు. నైట్రైట్‌కి లేత నీలం మంచిది, వంకాయ రంగు చెడ్డది. మొదట అమ్మోనియా పెరుగుతుంది. అది తగ్గుతుంటే నైట్రైట్ లేస్తుంది. అది చాలా రోజులు వంకాయ రంగులోనే మొండికేస్తుంది. ఆ దశలోనే చాలామంది విసిగిపోయి, ఏం కాదులే అని పిల్లని తెచ్చేస్తారు. ఆగాలి. సాయంత్రం వేసిన అమ్మోనియా మర్నాడు సాయంత్రానికి పూర్తిగా మాయమై, నైట్రైట్ కూడా సున్నా అయిననాడు తొట్టి సిద్ధమైనట్టు. మా మనవరాలు ఆ రంగులన్నీ పుస్తకంలో క్రేయాన్లతో గీసి పెట్టుకుంది. మా కాలేజీలో కొందరి రికార్డుల కంటే అది నయం.

ఇక్కడ ఇంకో మెలిక. మన ఊళ్లలో పంపు నీళ్లు బిందెలో రాత్రంతా ఉంచితే మందు వాసన పోతుంది, మీకు తెలుసు. క్లోరిన్ అలా గాలిలోకి పోతుంది. అయితే డాలస్ చుట్టుపక్కల నీళ్లలో కలిపేది ఉత్త క్లోరిన్ కాదు, క్లోరమిన్. అంటే క్లోరినూ అమ్మోనియా కలిసినది. అది రాత్రంతా ఉంచినా పోదు. నీళ్ల కండిషనర్ అని దుకాణంలో సీసా దొరుకుతుంది, కొలత ప్రకారం వేయాలి. సీసా మీద రాసినవి చదవండి. చర్మానికి మంచిదని కొన్నిటిలో కలబంద కలుపుతారు. చేపల సంగతేమో గానీ, ఆక్సొలాటల్ పెంచేవాళ్లు దాన్ని దూరం పెడతారు. ఈ జంతువు చర్మం దేన్నైనా పీల్చేస్తుంది. అందుకే చేతులకి సబ్బు, లోషన్, పసుపు ఏదీ అంటకుండా కడుక్కుని గానీ తొట్టిలో చెయ్యి పెట్టకూడదు.

నీళ్ల తర్వాత చల్లదనం. ఆక్సొలాటల్‌కి 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ హాయి. 24 దగ్గరికొస్తే ఇబ్బంది మొదలు. టెక్సాస్ వేసవిలో ఇంట్లో ఏసీ 75 ఫారన్‌హీట్‌లో పెడతారు. లెక్కకట్టండి, 24 డిగ్రీలు! మనకి చల్లగా ఉన్న గది దానికి ఉక్కపోత. ఫ్యాను నీళ్ల మీదికి తిప్పి పెడితే ఆవిరి లేచి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. పొడి గాలి ఉన్నచోటే ఆ ఉపాయం బాగా పారుతుంది. ఐసు సీసాలు తేలేస్తే ఆ గంటకి చల్లబడి మళ్లీ ఎక్కుతుంది, ఆ ఎక్కిదిగటం ఇంకా చెడ్డది. ఆఖరికి చిల్లర్ అనే యంత్రం కొనవలసి వచ్చింది. దాని ధర విన్నాక మా అల్లుడు, కుక్కయితే ఏమయ్యేది అని సన్నగా గొణిగాడు. నేను వినిపించుకోలేదు.

మధ్యలో ఒక మాట. హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఇవి అమ్ముతున్నారని, కొనమంటారా అని నా పాత స్టూడెంట్లు ఇద్దరు ముగ్గురు ఫోన్లు చేశారు. కొనొద్దన్నాను. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ తొట్టి ఏమవుతుందో ఆలోచించండి. పైగా ఆక్సొలాటల్ సైటిస్ అనే వన్యప్రాణి వ్యాపారపు అంతర్జాతీయ ఒప్పందం రెండో జాబితాలో ఉంది. అలాంటి విదేశీ జంతువులు ఇంట్లో ఉన్నవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలని 2024లో మన దేశంలో నిబంధనలు వచ్చాయి. కాగితం లేకుండా అమ్మేవాడు చూపించే ధర ఎంత తక్కువైనా అది మనకి తక్కువ కాదు. గప్పీ చేపలు పెంచుకోండి, బోలెడు సందడి.

తొట్టి అడుగున గులకరాళ్లు వేయకండి. అందంగా ఉంటాయి నిజమే. ఈ జంతువు తిండి కొరకదు. నోరు ఒక్కసారి తెరిచి, నీళ్లతో సహా ఎదురుగా ఉన్నదాన్నల్లా లోపలికి పీల్చేస్తుంది. రాయి కూడా పోతుంది. పోయిన రాయి పేగులో ఇరుక్కుంటే అంతే సంగతులు. అడుగు వట్టి గాజుగా వదిలేయండి, లేకపోతే బాగా సన్న ఇసుక. దూరటానికి ఒక గొట్టమో, బోర్లించిన మట్టి కుండపెంకో పెట్టండి. కళ్లకి రెప్పల్లేవు, వెలుతురు గిట్టదు. ఫిల్టర్ నీళ్లు జోరుగా తోయకూడదు. జోరెక్కువైనా, నీళ్లు బాగోకపోయినా మొప్పలు ముందుకి వంకర తిరుగుతాయి, తోక కొస కొక్కెంలా ముడుచుకుంటుంది. మొప్పల మీద దూది పీచులాంటిది కనిపిస్తే బూజు. అప్పుడు మందు సీసా కోసం పరుగెత్తే ముందు నీళ్లు పరీక్ష చేయండి, థర్మామీటర్ చూడండి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

తిండి దగ్గర మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. మాది గుడ్డు కూడా రాని వంటిల్లు. దీనికి కావలసిందేమో వానపాము. అన్ని పోషకాలూ ఉన్న తిండి అదే, గుళికలు దాని తర్వాతే. గాలాలకి ఎరలమ్మే దుకాణంలో నైట్‌క్రాలర్ అని లావుపాటి వానపాములు మట్టితో సహా డబ్బాలో దొరుకుతాయి. సన్నగా ఎర్రగా ఉండే ఇంకో రకం ఉంది గానీ, వాటినుంచి చేదు ద్రవమేదో ఊరుతుంది, నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. వానపాములు బతికుండాలంటే చల్లగా ఉంచాలి. అంటే ఫ్రిజ్. మా అమ్మాయి గుడ్లు తేలేసింది. చివరికి గరాజులో ఉన్న పాత ఫ్రిజ్‌లో, ఆవకాయ జాడీలు పైకి జరిపి, కింది అర ఇచ్చాం. డబ్బా మీద మనవరాలు పెద్ద అక్షరాలతో పేరు రాసింది, ఎవరూ పొరపాటున తెరవకుండా. పిల్లగా ఉన్నప్పుడు రోజూ పెట్టాలి. పెద్దయ్యాక రెండు మూడు రోజులకొకసారి చాలు. తినగా మిగిలిన ముక్కలూ మలినమూ రబ్బరు బుడ్డి ఉన్న పొడవాటి గొట్టంతో అప్పటికప్పుడు పీల్చి తీసేయాలి. వదిలేస్తే మళ్లీ అమ్మోనియా.

ఈ పిల్లలకి చెప్పటానికి కష్టమైన మాట ఒకటుంది: ముట్టుకోకూడదు. నీళ్లలోంచి పైకి తీసి ఒళ్లో పెట్టుకునే ప్రాణి కాదిది. ఎముకలు మెత్తన, చర్మం సున్నితం, మన చేతి వేడే దానికి ఎక్కువ. మన వైపునుంచి కూడా జాగ్రత్త కావాలి. ఉభయచరాల ఒంటి మీద సాల్మొనెల్లా ఉండొచ్చు, తొట్టిలో చెయ్యి పెట్టాక సబ్బుతో కడుక్కోవాలి. న్యూట్‌లయితే ఇంకొంచెం. కొన్ని న్యూట్‌ల చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది, జపాన్‌వాళ్లు భయపడుతూ తినే ఫుగు చేపలో ఉండే విషమే అది. 1979లో ఆరెగాన్‌లో ఒక యువకుడు, పందెం మీద, గరుకు చర్మపు న్యూట్‌ని మింగి ప్రాణం పోగొట్టుకున్నాడు. పట్టుకుంటే చావరు గానీ, చేతులు కడుక్కోకుండా కన్ను నలుపుకోకండి.

నిప్పులో సాలమాండర్ పుడుతుందని యూరప్‌లో పూర్వం గట్టిగా నమ్మేవారు. పుచ్చిన దుంగల్లో తడికోసం దాక్కున్నవి, ఆ దుంగ పొయ్యిలో పెట్టగానే బయటికొచ్చేవి, అంతే. బెన్వెనూతో చెల్లీని అనే ఇటలీ శిల్పి తన ఆత్మకథలో, అయిదేళ్లప్పుడు మంటలో సాలమాండర్‌ని చూశానని, ఆ అద్భుతం జన్మంతా గుర్తుండాలని తండ్రి చెంప ఛెళ్లుమనిపించి, ఆపైన డబ్బులిచ్చి ఊరుకోబెట్టాడని రాసుకున్నాడు. నేను ఇది చెప్పినప్పుడు మా మనవరాలు అడిగిన ప్రశ్న, ఎన్ని డబ్బులిచ్చాడని.

దాని తర్వాతి ప్రశ్న మాత్రం గట్టిది. "కాలు తెగితే నిజంగా మళ్లీ వస్తుందా?" వస్తుంది. ఎముక, కండ, నరం, వేళ్లతో సహా. చిన్నప్పుడు ఒకే తొట్టిలో పెంచితే ఒకదాని కాలు ఒకటి కొరికేసుకుంటాయి, కొన్ని వారాల్లో కొత్త కాలు మొలుస్తుంది. మొలుస్తుంది కదా అని కలిపి ఉంచకండి. నొప్పి నొప్పే. ఒక్కటే ఉన్నా దానికి ఒంటరితనం బెంగ ఏమీ లేదు. జపాన్ న్యూట్‌ది ఇంకా వింత. గోరో ఎగుచీ, పనయోటిస్ సోనిస్ అనే శాస్త్రవేత్తలు 16 ఏళ్ల పాటు అవే న్యూట్‌ల కంటి కటకాన్ని 18 సార్లు తీసి చూశారు. ప్రతిసారీ కొత్తది వచ్చింది, చివరిది కూడా పడుచు న్యూట్ కటకంలా స్వచ్ఛంగా ఉంది. ఆ ఫలితం 2011లో ప్రకటించారు. ఈ మధ్యే రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న నాకు అది చదివి ఒళ్లు మండింది. అన్నట్టు, 1994లో కొలంబియా నౌకలో ఈ జపాన్ న్యూట్‌లు అంతరిక్షానికి కూడా వెళ్లొచ్చాయి. మనకి వీసా దొరకటమే గగనం.

ఇంత పెంపకం ఇళ్లలో జరుగుతుంటే, షోచిమిల్కో కాలవల్లో మాత్రం ఇది దాదాపు అయిపోయింది. అక్కడి విశ్వవిద్యాలయం యూనాంలో పనిచేసే లూయిస్ సాంబ్రానో బృందాల లెక్కల్లో 1998లో చదరపు కిలోమీటరుకి 6,000 ఉన్నవి, 2014 నాటికి 36కి పడ్డాయి. నగరం మురుగు ఒక కారణం. తిండికి పనికొస్తాయని వదిలిన కార్ప్, తిలాపియా చేపలు గుడ్లనీ పిల్లల్నీ మింగేయటం ఇంకో కారణం. ఇళ్లలో పుట్టినవాటిని తీసుకెళ్లి అక్కడ వదిలేస్తే సరిపోదా అంటే, సరిపోదు. పెంపుడు సంతతి ఏ కొద్ది జంతువులనుంచో వచ్చినది, అడవిదానికి కావలసిన వైవిధ్యం అందులో లేదు, రోగాలు మోసుకెళ్లే ప్రమాదం వేరే. సాంబ్రానో వాళ్లు రైతులతో కలిసి చినాంపాల మధ్య చిన్న కాలవలకి అడ్డుకట్టలు కట్టి, చేపలు రాని నీళ్లు తయారుచేస్తున్నారు. ఇక్కడా పని నీళ్ల దగ్గరే మొదలైంది చూడండి. మీ తొట్టిలోది పెంచలేకపోతే వేరే పెంచేవాళ్లకి ఇవ్వండి. పెరటి గుంటలోకి, పక్క చెరువులోకి వదలకండి. తొట్టి నీళ్లు కూడా వానకాలవలోకి పారబోయకండి.

ఆఖరున ఒక లెక్క. బాగా చూసుకుంటే ఇది పది, పదిహేనేళ్లు బతుకుతుంది. ఇవాళ ఎనిమిదేళ్ల పిల్ల కాలేజీకి పోయేనాటికి కూడా తొట్టి ఇంట్లోనే ఉంటుంది, వారం వారం నీళ్లు మార్చేవాడు మా అల్లుడే అవుతాడు. అది ఆయనకి ముందే చెప్పాను, రాతపూర్వకంగా ఒప్పుకోలేదు గానీ తల ఊపాడు. ఇంతకంటే దగ్గరి సమస్య ఇండియా ప్రయాణం. ఏడాదికో రెండేళ్లకో అందరూ కట్టకట్టుకుని వెళతారు. ఎదిగిన ఆక్సొలాటల్ తిండి లేకుండా వారం ఉండగలదు, చల్లని నీళ్లు లేకుండా ఒక్క రోజు ఉండలేదు. పక్కింటి తమిళావిడ చూస్తానంది. మంచి మనిషి, కానీ చెయ్యి పెద్దది. ఇంటికొచ్చిన ఎవరినీ తిండి పెట్టకుండా పంపదు. అందుకని ఆమెకిచ్చే చీటీ నేనే రాశాను. ఉదయం, సాయంత్రం థర్మామీటర్ చూడండి. 20 దాటితే ఫోన్ చేయండి, మాకు రాత్రయినా సరే. చిల్లర్ స్విచ్ ముట్టుకోవద్దు. మూడు రోజులకొక వానపాము, గరాజు ఫ్రిజ్‌లో కింది అరలో ఉంది, పై అరలోది ఆవకాయ, అది మీరు తీసుకోవచ్చు. ఎప్పుడు వెళ్లినా ఆక్సొలాటల్ గాజు దగ్గరికొచ్చి నోరు తెరుస్తుంది. నమ్మకండి.